బొమ్మకు కుదురు

నీళ్లకుండ క్రింద పెట్టు కుదురును మన యిండ్లలో ఎరుగనివా రుండరు. గడ్డితోనో పాతబట్టతోనో చుట్టిన ఆ వలయము కుండలోని నీటిని పెంచదు, చల్లబరుపదు. అడుగు గుండ్రనైన పాత్రను దొర్లకుండ నిలుపుటొక్కటే దాని పని. నేడు ఇంటింట చేతి ఫోనులతో తీయుచున్న వీడియోలకు గూడ అట్టి కుదురొకటి వచ్చినది. వణకిన బొమ్మను కంప్యూటరులోని కెక్కించి ఒక మీట నొక్కినచో కొంతసేపటికి ఆ వణకుడు తీరి, ముక్కాలిపీటపై కెమెరా నుంచి తీసినదో యనునట్లు బొమ్మ నెమ్మదించును. ఆంగ్లేయులు దీనిని స్టెబిలైజేషన్ అందురు. స్థిరీకరణమని సంస్కృతము చేయుట మాకు కష్టము గాదు. కాని కుదురు అను ఇంటిమాట యుండగా ఆ గంభీరశబ్దముతో పని యేమి?

అయితే ఈ రెండు కుదుళ్లకును ఒక భేదము కలదు. కుండకుదురు కుండనుండి ఏమియు తీసికొనదు. బొమ్మకుదురు మాత్రము తన కూలిని బొమ్మలోనుండియే తీసికొనును. ఆ కూలి ఎట్టిదో, ఒక యింట దానిని ఎవరు చెల్లింపవలసి వచ్చెనో చదువరులకు విన్నవింప దలచితిమి.

మేము మార్కాపురమున బడిపంతులము. పగలెల్ల పిల్లలకు సంధులును సమాసములును, ఆంగ్లవ్యాకరణమును చెప్పుట మా జీవనము. బడి వార్షికోత్సవపు వీడియోలను సరిదిద్దుటకై కొన్నేండ్లక్రిందట ఈ విద్యను పట్టితిమి. ఊరిలో ఒకరికి ఒక పని వచ్చునని తెలిసినచో తక్కినవారు ఊరకుందురా? చెన్నకేశవస్వామి తిరునాళ్ల వీడియోలు, కంభము చెరువుకట్టపై పిల్లల పరుగులు, పుట్టువెండ్రుకలు, పెండ్లిండ్లు మా యింటికి వచ్చుచునే యున్నవి. 1970 వ సంవత్సరమున ఒంగోలు జిల్లా ఏర్పడువరకు మార్కాపురము, గిద్దలూరు తాలూకాలు కర్నూలు జిల్లాలోనివి. ఆ కారణముననో యేమో, తూర్పువారు మమ్ము పడమటివారనియు, కర్నూలువారు మమ్ము తూర్పువారనియు చెప్పుదురు. ఏ పటములో నైనను అంచున నుండుట మా సీమకు అలవాటే.

ముందు వణకుడు ఎందులకు వచ్చునో చూతము. నలువది యేండ్లక్రిందట పెండ్లిండ్లకు వచ్చు వీడియో కెమెరా భుజముపై మోయవలసినంత బరువుండెడిది. ఆ బరువే దానికి నిలకడ. బరువైన వస్తువు చేతి చిన్నకదలికకు వెంటనే లొంగదు. పావుకిలో యైనను తూగని ఫోను అట్లుకాదు; తీయువాని ఊపిరి, అడుగు, నాడి అన్నియు దానికి తెలియును. గారెట్ బ్రౌన్ అను అమెరికా దేశీయుడు కనిపెట్టిన స్టెడీకామ్ అను యంత్రము 1976 లో బౌండ్ ఫర్ గ్లోరీ అను సినిమాలో కన్పట్టినది. శరీరమునకు కవచమువలె తగిలించుకొని, స్ప్రింగులు గల చేయి చివర కెమెరాను తూకముగ నిలుపుట అందలి రహస్యము. అడుగు అదరినను కెమెరా అదరదు. మా సీమలో ఈ రహస్యము తెలిసిన స్త్రీలు వేలకొలది గలరు. వేసవిలో నీళ్ల ట్యాంకరు నొద్దనుండి నిండుబిందెను నడుమున పెట్టుకొని, రాళ్ల బాటలో చుక్క తొణకకుండ వచ్చు ఇల్లాలిని చూడుడు. మోకాళ్లు మెత్తగ వంగుచుండును. నడుము కిందనే కుదుపంతయు అణగిపోవును. ఫోనుతో నడచుచు తీయవలసి వచ్చినప్పుడు మోచేతులు ప్రక్కటెముకల కానించి ఆ నడక నడువుడని మా విద్యార్థులకు చెప్పుచుందుము. మగపిల్లలు నవ్వుదురు. బిందె మోసిన ఆడపిల్లలకు వేరుగ చెప్పనక్కరలేదు.

తీయునప్పుడు లేని నిలకడను పిమ్మట తెచ్చుట యెట్లు? వీడియో యనగా క్షణమునకు ముప్పది చొప్పున తీసిన నిలువు ఛాయాచిత్రముల వరుస. ఒక్కొక్క చిత్రమును ఫ్రేమందురు. సాఫ్ట్‌వేరు మొదటి ఫ్రేములో గుర్తుపట్టదగిన చుక్కలను ఏరుకొనును. ముగ్గు వేయుటకు ముందు ఆడవారు చుక్కలు పెట్టినట్లే యనుకొనుడు. ద్వారబంధపు మూల, పందిరిగుంజ కట్టు, చీర అంచులోని పువ్వు, ఇట్టివి మంచి చుక్కలు. తెల్లని సున్నపుగోడ నడుమ ఒక్క చుక్కయు నిలువదు, అచ్చట ఒక తావునకును ఇంకొక తావునకును భేదము లేదు గనుక. తరువాత రెండవ ఫ్రేములో ఆ చుక్కలు ఎంత దూరము జరిగెనో లెక్కించును. ఈ గణితమునకు 1981 లో బ్రూస్ లూకస్, టకియో కనాడె అను ఇరువురు వేసిన బాట నేటికిని వాడుకలో నున్నది. ఇట్లు అన్ని ఫ్రేములను లెక్కించినచో కెమెరా నడచిన త్రోవ, గతుకులతో సహా, ఒక గీతగ ఏర్పడును. ఆ గీతను నునుపు చేసి, గతుకు ఎంత యుండెనో అంతమేర ప్రతి ఫ్రేమును వెనుకకు జరుపుట మూడవ పని. మథియాస్ గ్రుండ్‌మన్, వివేక్ క్వాత్రా, ఇర్ఫాన్ ఎస్సా అనువారు 2011 లో ప్రకటించిన పద్ధతిలో ఆ గీత మూడు విధముల ముక్కలతో కూర్పబడును: కదలక నిలుచుట, ఒకే వేగమున సాగుట, క్రమముగ వేగము హెచ్చుట లేక తగ్గుట. నిపుణుడైన కెమెరామనుష్యుడు చేయుపని యదియే గదా! యూట్యూబువారు ఈ పద్ధతిని తమయొద్దకు వచ్చు వీడియోలకు వాడిరి.

ఇందులో మాకు మిక్కిలి ఆసక్తి కలిగించిన ప్రశ్న యొకటి కలదు. కదలునది యేది, నిలిచినది యేది యని యంత్రము దేనిని బట్టి నిర్ణయించును? పంచమీవిభక్తి చెప్పుచోట పాణిని, విడిపోవుటలో స్థిరమైనదానికి అపాదానమని పేరు పెట్టినాడు. పరుగెత్తుచున్న గుఱ్ఱమునుండి మనుష్యుడు పడెను అన్నచో గుఱ్ఱము స్థిర మెట్లగునని వ్యాఖ్యాతలు శంకించి, పడువాని యెడ అదియే స్థిరమని సమాధానము చెప్పిరి. చిన్ననాడు ఇది వట్టి శాస్త్రచర్చ యనుకొంటిమి. గిద్దలూరు దాటి దిగువమెట్ట, చెలమల మీదుగ గాజులపల్లెకు పోవు రైలులోనుండి ఒక విద్యార్థి తీసిన వీడియోను కుదురుచేయ కూర్చున్ననాడు అది కంటియెదుట నిలిచినది. బొమ్మలో కిటికీ కమ్ములున్నవి, వాని కవతల నల్లమల యున్నది. యంత్రము కమ్ములను పట్టుకొన్నచో కమ్ములు నిలిచి కొండలు ఎగిరిపడును. కొండలను పట్టుకొన్నచో కొండలు నిలిచి కమ్ములు ఊగును. రైలు సొరంగములో ప్రవేశింపగానే చుక్కయన్నది దొరకక యంత్రమే తడబడినది. స్థిరమైన దేదియో బొమ్మలో వ్రాసి యుండదు. ఎవరో ఒకరు ఎంచుకొనవలెను.

ఇక కూలి సంగతి. ఫ్రేమును జరిపినపుడెల్ల ఒక ప్రక్క అంచు లోపలికి వచ్చి, అవతల నల్లని ఖాళీ యేర్పడును. చూచువారికి ఆ నలుపు కనబడకుండుటకు యంత్రము నాలుగంచులను కోసివేసి, మిగిలినదానిని పెద్దదిచేసి చూపును. ప్రక్కకు పదింటికొక పాలు చొప్పున కోసినదనుకొందము. 1920 చుక్కల వెడల్పులో అటు 192, ఇటు 192 పోవును. పొడవువెడల్పులు నూటికి ఎనుబది వంతున నిలిచినచో వైశాల్యము నూటికి అరువదినాలుగే. అనగా బొమ్మలో మూడవవంతుకు మించి పోయినది! మేము వాడు డావిన్సీ రిజాల్వ్‌లో కోత కొకపాళ్లు నిర్ణయించు మీట కలదు. అది ఒకటి యొద్ద నున్నచో కోతయు లేదు, కుదురును లేదు. తగ్గించినకొలది కుదురు హెచ్చును, బొమ్మ తరుగును. ఉచితముగ రెండును దొరకు చోటు ఆ మీటపై ఎచ్చటను లేదు. ఇదిగాక, దీపపు వెలుతురు చాలక ఫ్రేములోనే అలికిపోయిన ముఖమును ఏ కుదురును తేటపరుపజాలదు. వణకుడు తీసిన పిదప ఆ అలుకు కారణములేని మరకవలె మరింత కొట్టవచ్చినట్లుండును. ఫోను బొమ్మను పైనుండి క్రిందికి గీతగీతగ చదువుచుండుటచే, వడిగా ఊపినపుడు గుంజలు వాలి, కుదురుచేసిన వెనుక గోడలు జున్నుముక్కవలె అదరుటయు కద్దు. ఇవి పైకి కనబడు దోషములు. కోత మాత్రము కనబడదు. పోయినదానిని చూపునది పోయిన బొమ్మయే గదా.

కంభము దగ్గరి యొక పల్లెలో 2020 వ సంవత్సరమున, కరోనా కట్టుబాట్ల నడుమ, మా పూర్వవిద్యార్థిని యొకతెకు పెండ్లి జరిగినది. కొలదిమంది చుట్టములు, ఇంటిముందు పందిరి. వీడియో తీయువారు రాలేదు. వధువు తమ్ముడు, పదునైదేండ్లవాడు, తన ఫోనుతో తీసిన నాలుగు నిమిషముల పది సెకండ్ల వీడియో యొక్కటే ఆ ముహూర్తమునకు మిగిలిన సాక్ష్యము. చూచినవారికి తల తిరుగునంతగ అది వణకియుండెను. కడచిన సంవత్సరము ఆమె దానిని మాకు పంపి, "సార్, ఈ వణుకు తీసి ఇస్తారా?" అని యడిగినది.

ఆ యింటి సంగతి మాకు తెలిసినదే. ఆ పిల్ల మూడవతరగతిలో నుండగా తండ్రి పోయెను. తల్లి మార్కాపురపు పలకల కార్ఖానాలో చెక్కచట్రములు బిగించు కూలికి వచ్చి పిల్లల నిద్దరిని చదివించినది. పెండ్లిలో కన్యాదానము పెదతండ్రి దంపతులు చేసిరి. తల్లి పీటలదగ్గర లేదు. ఎవరును ఆమెను పొమ్మని యుండరు. ఇట్టి విషయములలో ఒకరు చెప్పవలసిన పని లేకుండుటయే మన ఆచారముల బలము. ఆమె తలవాకిటి ద్వారబంధమును పట్టుకొని గుమ్మములోపల నిలిచియుండెను. వీడియోలో ఆమె కనబడునది పదునొకండు సెకండ్లు, అదియు ఎడమ అంచున, వెడల్పులో నూటికి ఆరుపాళ్ల మేర. 7,500 ఫ్రేములలో 330.

యంత్రము తన పని చేసినది. తాళికట్టు ఘట్టము నదివలె సాగినది. అటుపై ఆ పదునొకండు సెకండ్లను ముందు బొమ్మతో ప్రక్కప్రక్కన పెట్టి చూచితిమి. ద్వారబంధము పోయినది; రెండుమార్లు ఒక మోచేయి వచ్చి పోయినది, అంతే. కోత యొక్కటే యిందులకు కారణము గాదు. ముందు బొమ్మలో ఆ పిల్లవాడు పీటలనుండి తల్లివైపునకు ఫోనును మూడుసార్లు త్రిప్పి, సెకను గడువకుండగనే మరల పీటలకు త్రిప్పినాడు. "ముందు చూడరా" అను పెద్దవారి గొంతు కూడ వినబడుచున్నది. నిలిచిన చూపును బుద్ధిపూర్వకమనియు, క్షణములో మరలిన చూపును వణకనియు ఎంచుట యంత్రధర్మము. తల్లిని చూపవలెనని ఆ బాలుని చేయి చేసిన మూడు ప్రయత్నములును దాని లెక్కలో గతుకులే. గీత నునుపు చేసినపుడు ముందు పోయినవి అవే.

మేము రెండు బొమ్మలను ఆ యింటివారికి చూపితిమి. పెదతండ్రి చెడ్డవాడు గాడు. తమ్ముని పిల్లల పెండ్లికి తన పొలము కుదువపెట్టినవాడు. ఆయన చూచి, "అయ్యవారూ, ఈ నున్నగా ఉన్నదే బాగుంది. ఆ తలుపు కాడ ఏముందిలే, పోతే పోనీయండి" అనెను. మరికొంత తడవునకు మెల్లగ, "ముహూర్తం బొమ్మలో ఆమె రాకపోవడమే మేలు గదా" అనియు అనెను. పిల్ల తలవంచుకొని కొంతసేపు మాటాడలేదు. పిదప మాతో, "సార్, పెద్దనాయన మాట అట్లుంచండి. నా పెండ్లిలో మా అమ్మ కనపడే ముక్క అదొక్కటే" అన్నది.

వితంతువునకు పునర్వివాహమును చట్టసమ్మతము చేసినది 1856 లో. వీరేశలింగముపంతులుగారు రాజమహేంద్రవరమున మొదటి వితంతువివాహము జరిపించినది 1881 డిసెంబరు 11 న. ఆ పోరాటములు పాఠ్యపుస్తకములలోని కెక్కి, పిల్లలు పరీక్షలలో వానికి మార్కులు తెచ్చుకొనుచున్నారు. పునర్వివాహము కోరక, బిడ్డలను పెంచుకొని, కూతురి పెండ్లినాడు పీటలదగ్గర నిలువ గోరు స్త్రీకి మాత్రము ఏ చట్టమును చోటు చూపజాలదు. ఆ చోటు ఇంటివారి చేతిలోనిది. యంత్రము కులాచారము లెరుగదు. అది నాలుగంచులను సమముగనే కోయును. అంచున ఎవరిని నిలుపవలెనో ముందే నిర్ణయించియుంచినది మనము. పెండ్లి వీడియోలలో అంచున నుండువారెవ్వరని చదువరులు తమ యింటి బొమ్మల నొకపరి చూచుకొందురు గాక. వడ్డించువారు, అంట్లు తోమువారు, మేళగాండ్రు, గుమ్మములోని వితంతువులు. కోత మొదట తగులునది వీరికే.

చేయదగిన పని చిన్నది. వీడియోను మూడు ముక్కలు చేసితిమి. మొదటిదానిని, కడపటిదానిని కుదురుచేసితిమి. నడిమి 330 ఫ్రేములను పిల్లవాడు తీసినట్లే, వణకుతో, అంచులతో విడిచితిమి. కుదురుచేసిన ముక్కలు పెద్దవిగ చూపబడుటచే అతుకులవద్ద బొమ్మ ఒక్కపరి చిన్నదై, మరల పెద్దదగును. వృత్తిపనివాడు చూచినచో పెదవి విరుచును. పెదతండ్రియు, "మధ్యలో పని చెడింది గదా, అయ్యవారూ" అనెను. పిల్ల మాత్రము సరేయన్నది. ముందు బొమ్మను చెరపకుండ రెండుచోట్ల దాచుకొమ్మని ఆమెకు చెప్పితిమి. ఇది అందరికిని చెప్పదగిన మాట: కుదురైన బొమ్మనుండి పాతబొమ్మను తిరిగి పుట్టింపలేము. మూలము నుంచుకొన్నవారు రేపు ఇంతకంటె మంచి సాధనము వచ్చినపుడు మరల చేసికొనవచ్చును.

కొన్నాళ్లకు ఆ తల్లి కూతురితోగూడ మా యింటికి వచ్చినది. ఈ వీడియోను ఆమె ఈ యైదేండ్లలో ఒక్కసారియైనను పూర్తిగ చూచినది గాదట. చూడబోయినచో తల తిరిగెడిదట. పెద్దతెరపై పెట్టితిమి. తన ముక్క వచ్చినపుడు నవ్వి, "ఇంత మూలన ఉన్నానా అయ్యవారూ నేను? చిన్నోడు బలే పట్టినాడే" అన్నది. ఆ పదునొకండు సెకండ్లు ఆమె కంతగా పట్టలేదు. మొదటి ముక్కను మరల వేయుమని యడిగినది. వేసితిమి. ఇంకొకసారి యడిగినది. పిమ్మట, "తాళి కట్టేది నాకు ఆ పొద్దు కనపడలేదు. అందరూ అడ్డం నిలబడిరి" అన్నది.

మేము కాపాడదలచినది ఆమె యున్న ముక్కను. ఆమెకు కావలసినది కూతురున్న ముక్క. ఆ ముక్కను చూడ వీలుచేసినది మేము అంతసేపు లెక్కలు కట్టి నిందించిన కుదురే. వణకుతో నున్నంతకాలము ఆ బొమ్మ ఉండియు ఆమెకు లేనట్లే. అరువదినాలుగుపాళ్ల బొమ్మలో కూతురి మెడ, అల్లుని చేతులు, పసుపుతాడు చక్కగ అమరియున్నవి. ఆమె నాలుగవసారి చూచునప్పటికి మా యింటివారు కాఫీ తెచ్చిరి. అది చల్లారువరకు ఆమె తాకలేదు.

ఆ పిల్లవానికిప్పుడు ఇరువదియేండ్లు. ఫోను చక్కగ పట్టుట నేర్చినాడు. అతని యక్క రెండవకాన్పు సీమంతమునకు తీయుటకు మా ముక్కాలిపీట నడిగినాడు. ఇచ్చితిమి. దానిని తూర్పుగోడకు జేర్చి పెట్టినచో గుమ్మము బొమ్మకు నడుమ వచ్చునని పటము వ్రాసి చూపితిమి. తల్లి గుమ్మముదాటి చాపమీదికి వచ్చునో రాదో ముక్కాలిపీటకు సంబంధించిన విషయము గాదు. అందుకై మేము పెదతండ్రితో రెండు ఆదివారములు మాటాడితిమి. మొదటి ఆదివారము ఆయన వినలేదు. రెండవ ఆదివారము, "ఆడోళ్లను అడిగి చెప్తా అయ్యవారూ" అని లేచిపోయెను. రానున్న ఆదివారము మరల పోవుచున్నాము.